పద్నాలుగు రోజుల నీళ్ళు

మా మేడగది,
జూలై 6.

బుడంకాయకి,

క్షేమసమాచారాలు అడగను. ఇక్కడ నా మోకాళ్ళూ అక్కడ నీ మనసూ క్షేమంగా లేవని ఇద్దరికీ తెలుసు. తెలిసిన అబద్ధంతో ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు.

ఫోనుండగా ఉత్తరమేమిటంటావేమో. ఫోనులో నాకు సగమే వినపడుతుంది, ఆ సగమూ మీ అత్తగారి గొంతే. నువ్వు “బాగానే ఉన్నాను అమ్మమ్మా” అనేలోపు వెనకనుంచి ఆవిడ “మెట్లెక్కొద్దంటే వింటేగా పిన్నిగారూ” అని అందుకుంటారు. అందుకే ఇంటికి కాక, నువ్వు కట్టిస్తున్న భవనం ఆఫీసుకి రాస్తున్నాను. అక్కడ సిమెంటు బస్తా మీది అక్షరాలు తప్ప ఎవరూ ఏదీ చదవరని నువ్వే చెప్పావు.

అయిదో నెలలో బిడ్డ పోయి ఇరవై నాలుగు రోజులైంది. ఆస్పత్రి కార్డు మీద ఏం రాశారో మీ అమ్మ చేత మూడుసార్లు చదివించుకున్నాను. “కారణం: అతిశ్రమ.” ఆరంతస్తులు కట్టించే ఇంజనీరు మెట్లెక్కక ఎగిరి వెళ్తుందని అనుకున్నారు కాబోలు. మీ అమ్మ నా కడుపులో ఉన్నప్పుడు నేను రోజూ రెండు మైళ్ళు నడిచి, మూడంతస్తులు ఎక్కి ఉద్యోగానికి వెళ్ళాను. మీ అమ్మ పుట్టింది. ఇవాళ్టికీ నా మాట వినదు, అంత గట్టిగా పుట్టింది.

ముప్పై రెండేళ్ళు మలేరియా ఆఫీసులో రక్తపు స్లైడ్లు చూసి రిటైరైనదాన్ని. కారణం తెలియకపోతే ‘తెలియదు’ అని రాయాలని నాకు మొదటి వారంలోనే నేర్పారు. ఆ నాలుగక్షరాలు రాయడానికి పెద్ద చదువులు చదివినవాళ్ళకి చెయ్యి రాదెందుకో.

నాకు ఒక్క సంగతి చెప్పు. కడుపుతో ఉండగా నీకు జ్వరం వచ్చిందా? వస్తే వణుకు వచ్చిందా? ఏడవాలనిపిస్తే ఏడువు, కానీ ముందు జవాబు రాసి ఏడువు.

అమ్మమ్మ


సైటు ఆఫీసు, రేకుల షెడ్డు,
జూలై 15.

అమ్మమ్మా,

నీ ఉత్తరం ఇనపచువ్వల కట్టల మీద దొరికింది. అందరికంటే ముందు వాచ్‌మన్ చూశాడు, చదవలేదు.

జ్వరం వచ్చింది. నాలుగో నెలలో రెండుసార్లు, పళ్ళు టకటకలాడేంత వణుకుతో. స్లైడు తీశారు, మలేరియా లేదన్నారు. జ్వరం మాత్రలిచ్చారు, తగ్గింది. కాబట్టి నీ పాత స్నేహితుడు ఇక్కడ లేడు, వెతక్కు.

నేను బాగానే ఉన్నాను. రెండు వారాలకే పనిలోకి వచ్చేశాను. నాలుగో అంతస్తు స్లాబు మొదటి భాగం పోసి తొమ్మిది రోజులైంది, అద్దంలా వచ్చింది. పోసిన కాంక్రీటు ఎండి పగలకుండా స్లాబు మీద చిన్న చిన్న మడులు కట్టి నీళ్ళు నిలబెడతాం. అందరూ ఏడు రోజులు పెట్టి వదిలేస్తారు. నేను పద్నాలుగు రోజులు కదలనివ్వను. మేస్త్రీలు నవ్వారు. ఈ సైటు మొత్తానికి అధికారి పెద్దసారు, ఆయనతో పోట్లాడి ఆ పద్నాలుగు రోజులూ రాతలో తెచ్చుకున్నాను. ఇప్పుడు మా మడుల్లో ఆకాశం కనిపిస్తుంది. ఈ నెలంతా నాకు చూడబుద్ధైనది అదొక్కటే.

పెద్దసారు నన్ను హెడ్డాఫీసులో కుర్చీలో కూర్చోమంటున్నారు. “ఆడపిల్లలకి సైటు పడదమ్మా, అనుభవమైందిగా” అన్నారు. కూర్చోనన్నాను.

కూలీ ఆడవాళ్ళ పెద్ద ఒకావిడ ఉంది, బొంగురక్క అంటాం. ఆవిడ గొంతు ముందు కాంక్రీటు కలిపే మిల్లరు చిన్నబోతుంది. నేను తిరిగొచ్చిన రోజున నా దగ్గరికి వచ్చి, “ఈ బిల్డింగు కడుపులు మింగుతోందమ్మా. మా షెడ్లలో ఈ ఏడాది ముగ్గురికి పోయింది. మీది నాలుగోది” అంది. నేను నవ్వేశాను. బిల్డింగు సిమెంటు తప్ప ఏం మింగుతుంది.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. దోమలు మాత్రం చంపేస్తున్నాయి, సాయంత్రమయ్యేసరికి ఆఫీసులో పొగచక్రం వెలిగిస్తేగాని కూర్చోలేం.

బుడంకాయ


మేడగది,
జూలై 22.

బుడంకాయకి,

నీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం దోమల గురించినది. దాన్ని చివర్లో, గుమ్మంలో చెప్పులు వదిలినట్టు వదిలేసి వెళ్ళావు.

నేను చెప్పేది నిలబడి చదువు. మలేరియా క్రిమి మామూలు మనిషి ఒంట్లో రక్తంతో పాటు తిరుగుతుంది. వేలు గుచ్చి చుక్క తీస్తే దొరుకుతుంది. గర్భిణి ఒంట్లో దానికి అంతకంటే మంచి చోటు దొరుకుతుంది. బిడ్డకి తల్లి రక్తంనుంచి తిండి అందించే మావి ఉంది చూడు, అక్కడికి చేరి అంటుకుని కూర్చుంటుంది. బిడ్డకి అందవలసింది అందదు. అప్పుడు వేలికొన రక్తం తళతళా శుభ్రంగా ఉండవచ్చు, మావి నిండా క్రిములుండవచ్చు. అందుచేత నీ స్లైడులో లేదంటే నీ ఒంట్లో లేదని అర్థం కాదు. నీ వేలికొనలో లేదని అర్థం. అంతే.

ఇప్పుడు రెండు పనులు చెయ్యి. మొదటిది ఈరోజే. తెల్లటి గిన్నె ఒకటి తీసుకుని స్లాబు మీది మడిలో ముంచు. గిన్నె లేకపోతే మీ పెద్దసారు టీకప్పు పనికొస్తుంది, ఆయనకి చెప్పకు. నీళ్ళలో సన్నటి పురుగులు కదులుతుంటే వాటి పడక చూడు. తల కిందికి వేలాడేస్తే అవి వేరే దోమ పిల్లలు. నీటి పైపొరకి సమంగా, చాప మీద పడుకున్నట్టు అడ్డంగా పడుకుంటే, వాళ్ళతో నాకు ముప్పై రెండేళ్ళ పరిచయం.

రెండోది. అయిదో నెలలో పోయిన గర్భం తాలూకు మావిని ఆస్పత్రివాళ్ళు పారెయ్యరు, పరీక్షకి పంపిస్తారు. ముక్క తీసి మైనపు దిమ్మలో దాచి ఉంచుతారు. వెళ్ళి ఆ దిమ్మ మళ్ళీ చూడమని అడుగు. మలేరియా కోసం చూడమని నోరు తెరిచి అడుగు. వాళ్ళంతట వాళ్ళు చూడరు.

బొంగురక్కని చూసి నవ్వినందుకు ఆవిడకి క్షమాపణ చెప్పుకో. ముగ్గురిని లెక్కబెట్టి గుర్తుపెట్టుకున్న మనిషి మీ ఇంజనీర్లందరికంటే జాగ్రత్తగా చూస్తోంది.

అమ్మమ్మ


సైటు ఆఫీసు,
ఆగస్టు 3.

అమ్మమ్మా,

ముంచాను. అడ్డంగా పడుకుని ఉన్నాయి.

ఒక్క మడిలో కాదు. స్లాబుని భాగాలుగా పోశాం కాబట్టి ఒక్కో చోట నీళ్ళకి ఒక్కో వయసు. పన్నెండు మడుల్లో చూశాను. తొమ్మిదింటిలో ఉన్నాయి. అయిదు రోజుల నీళ్ళలో నలుసుల్లా ఉన్నాయి, పన్నెండు రోజుల నీళ్ళలో వడ్లగింజంత ఉన్నాయి, కొన్ని అప్పుడే తొడుగు విప్పి ఎగురుతున్నాయి. ఏడు రోజులకి నీళ్ళు వదిలేసే ఏ పక్క సైటులోనైనా అవి ఎగరకముందే చచ్చేవి. నేను పద్నాలుగు రోజులు ఉంచాను. పోట్లాడి మరీ. రాతలో మరీ. షెడ్లలో ఆడవాళ్ళు ఆ స్లాబు కిందే కాపురముంటారు. ఆరింటిదాకా నేను వాళ్ళ మధ్యే ఉంటాను.

నీకు సంతోషంగా ఉందా? అత్తగారు మెట్లన్నారు, నువ్వు నీళ్ళన్నావు. ఆవిడ లెక్కలో నేను నా ఒక్క బిడ్డనే పోగొట్టుకున్నాను. నీ లెక్కలో మరో ముగ్గురివి కూడా నా చేతి మీదే పోయాయి. ఆవిడే నయం.

ఆస్పత్రికి వెళ్ళను. తెలిసి ఏం చేసుకోవాలి? కొన్నాళ్ళు నాకు రాయకు.


మేడగది,
ఆగస్టు 11.

బుడంకాయకి,

రాయొద్దన్నావు. చిన్నప్పుడు స్నానం కూడా వద్దనేదానివి, విన్నానా?

నీకొక సంగతి చెప్పాలి. మీ తాతయ్యకి చెప్పలేదు, మీ అమ్మకి చెప్పలేదు.

మా ఆఫీసులో ఊడ్చి తుడిచే అమ్మాయి ఒకతి ఉండేది. నోరు ఆగేది కాదు, అందరం గలగల అని పిలిచేవాళ్ళం. ఆరో నెల కడుపుతో ఉండగా జ్వరం తగిలింది. నా బల్ల దగ్గరికి వచ్చి వేలు చాపి, “చూడమ్మా, నాకేమైందో” అంది. నేనే గుచ్చాను. మామూలుగా వంద చోట్ల చూస్తాం, ఆ స్లైడు రెండొందల చోట్ల చూశాను. మచ్చ లేదు. ‘క్రిములు లేవు’ అని రాసి సంతకం పెట్టాను. మా అధికారి ఆ కాగితం చూసి, “అయితే జ్వరం లేదు, ఒళ్ళు బద్ధకం” అని పనిలోకి రమ్మన్నాడు. వచ్చింది. తొమ్మిదో రోజున బిడ్డ పోయింది. వాళ్ళ ఆయన నా బల్ల దగ్గర నిలబడి, “మేడమ్, జ్వరం వల్లనా?” అని అడిగాడు. “స్లైడు శుభ్రంగా ఉంది బాబూ” అన్నాను. ఆ కుర్రాడు ఇంటికి వెళ్ళి ఏం చెప్పాడో, గొంతుక్కూర్చుని నేల తుడవడం వల్లే పోయిందని వాళ్ళింట్లో ఖాయం చేశారు. ఆ పిల్ల మళ్ళీ పనికి రాలేదు.

రెండేళ్ళ తర్వాత ఒక శిక్షణ తరగతిలో మావి సంగతి చెప్పారు. నాకు అక్కడే అర్థమైంది. ఆ సాయంత్రమే వెళ్ళి గలగలకి చెప్పి ఉండవచ్చు. వెళ్ళలేదు. నేను రాసినదాంట్లో తప్పు లేదని నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగానే తప్పు లేదు. చూసినచోట లేదు కాబట్టి లేదని రాశాను. చూడనిచోట కూడా లేదన్నట్టు అందరూ చదువుకున్నారు, నేను ఊరుకున్నాను. ముప్పై ఏళ్ళు.

ఇప్పుడు నీ సంగతి. నీళ్ళు నిలబెట్టమని నీకు నేర్పిన పుస్తకంలో దోమ మాట లేదు. కాంక్రీటుకి మంచిదని చేశావు. నిన్నటిదాకా నీకు తెలియదు, నీ మీద నేరం లేదు. ఇప్పుడు తెలిసింది. రేపు పొద్దున్న కూడా ఆ నీళ్ళు అలాగే ఉంటే మీ అత్తగారితో గొంతు కలిపి నేనూ తిడతాను, నా తిట్లకి ఆవిడ తిట్లలా మొహమాటం ఉండదు.

ఆ ముగ్గురివీ నీ చేతి మీద పోయాయని ఎవరు చెప్పారు నీకు? చూశావా? ఎవరైనా చూశారా? చూడకుండా నేరం నెత్తిన వేసుకోవడం కూడా చూడకుండా ‘అతిశ్రమ’ అని రాయడం లాంటిదే. రెండూ బద్ధకమే. లేచి ఆస్పత్రికి వెళ్ళు.

అమ్మమ్మ


సైటు ఆఫీసు,
సెప్టెంబరు 20.

అమ్మమ్మా,

వారం తర్వాతగానీ లేవలేకపోయాను. లేచాను.

ముందు ఆస్పత్రి. లాబులో డాక్టరమ్మ చేతులు మందులకి పగిలిపోయి ఉన్నాయి, మనిషి ముక్కుసూటి. రిజిస్టరు తీసి, “రిపోర్టు అప్పుడే ఇచ్చాం కదమ్మా, విశేషమేమీ లేదని” అంది. మలేరియా కోసం మళ్ళీ చూడమన్నాను. తలెత్తి చూసింది.

“ఎవరు చెప్పారు మీకు?”

“మా అమ్మమ్మ.”

“డాక్టరా?”

“కాదు, స్లైడ్లు చూసేది.”

“అయితే ఆవిడకి భయపడాలి” అని అద్దాలు తుడుచుకుంది.

వారం తర్వాత రమ్మంది. వెళ్తే మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి నన్నే చూడమంది. గులాబీరంగు మీద నల్లటి పొడి చల్లినట్టుంది. “ఆ పొడి అంతా క్రిమి వదిలిన రంగు. ఆ గుండ్రటి కణాల్లో చుక్కలు క్రిములే. మొదటిసారి మేం దీనికోసం చూడలేదు. తప్పు మాదే” అంది. తప్పు మాదే అని పెద్దవాళ్ళ నోట వినడం ఎంత హాయిగా ఉంటుందో నాకు అంతవరకు తెలియదు అమ్మమ్మా. అక్కడే ఏడ్చాను. ఆవిడ కంగారుపడకుండా కొత్త రిపోర్టు రాసుకుంటూ కూర్చుంది.

వార్డు డాక్టరు మాత్రం కార్డు మార్చనన్నాడు. “అయిపోయినదానికి ఇప్పుడెందుకమ్మా” అన్నాడు. కార్డు మీద ఇంకా ‘అతిశ్రమ’ అనే ఉంది.

రిపోర్టు ఇంట్లో బల్ల మీద పెట్టాను. అత్తగారు దూరం నుంచే చూసి, “దోమ కుడితే కడుపు పోతుందా? మా కాలంలో దోమల్లేవా?” అన్నారు. మా ఆయన సంగతి తెలుసుగా, కళ్ళజోళ్ళ కొట్లో మాట్లాడినంత కూడా ఇంట్లో మాట్లాడరు. ఆ రోజు లేచి వెళ్ళి ఆవిడ చదువుకునే జోడు తెచ్చి చేతికిచ్చి, “చదువమ్మా. చదివాక అను” అన్నారు. ఆవిడ రెండుసార్లు చదివారు. మడిచి ఇచ్చేశారు. “మెట్లూ మంచివి కావు” అన్నారు. తెల్లారి చూస్తే ఇంట్లో బకెట్లన్నీ బోర్లించి ఉన్నాయి. పక్కింటివాళ్ళ డ్రమ్ము కూడా బోర్లా ఉంది, వాళ్ళు ఇప్పుడు మాతో మాట్లాడటం లేదు.

సైటు. అయిదో అంతస్తు స్లాబుకి ఏడో రోజున నీళ్ళన్నీ ఊడ్పించి, అదే గంటలో మళ్ళీ పట్టించాను. కాంక్రీటుకి ఏమీ కాదు, పరీక్ష చేసి చూశాను. బొంగురక్క, ఇంకో పదిమంది చీపుళ్ళు పట్టారు. నలభై నిమిషాల పని. నలభై నిమిషాలు అమ్మమ్మా. అది తెలియక ఏడాది పోయింది.

అక్కకి క్షమాపణ చెప్పాను. “నవ్వినందుకా? అప్పుడే మర్చిపోయాను. ఇంకోసారి నవ్వితే మాత్రం గుర్తుపెట్టుకుంటా” అంది. ఆరోగ్యకేంద్రం నుంచి నర్సుని పిలిపించి షెడ్లలో అందరికీ వేలు గుచ్చించాను. అక్క కోడలికి నాలుగో నెల. జ్వరం లేదు, వణుకు లేదు, ఆ పిల్ల పరుగులు పెడుతోంది. పరీక్ష బిళ్ళ మీద రెండో గీత వచ్చింది, మలేరియా ఉందని. అదే రోజు మందు మొదలుపెట్టారు.

ఇదంతా పెద్దసారు చెవిన పడింది. పిలిచి, నీళ్ళు తీయించినందుకు నేను రాయించుకున్న కాగితమే నా ముందు పెట్టారు. “పద్నాలుగు రోజులు కదలకూడదని గొడవ చేసింది నువ్వేగా?” అన్నారు. రిపోర్టు చూపించాను. అంతా చదివి, నిన్న గోడకి ఒక నోటీసు అంటించారు: ఆరోగ్యరీత్యా వచ్చే నెలాఖరు తర్వాత సైటులో ఆడవాళ్ళెవరూ పనిచేయరాదు. ఇరవైరెండు మంది ఇళ్ళకి పోవాలి. నాకు హెడ్డాఫీసులో కుర్చీ.

దోమని పట్టుకుని తెచ్చి చూపిస్తే, కుట్టించుకున్నవాళ్ళని బయటికి తోస్తున్నారు. ఏం చెయ్యను?

బుడంకాయ


మేడగది,
అక్టోబరు 5.

బుడంకాయకి,

రెండు గీతలు చూసి ఆ పిల్లకి మందు మొదలైందన్న చోట ఉత్తరం పక్కన పెట్టి, కాసేపు కిటికీలోంచి ఏమీ లేనివైపు చూశాను. తర్వాత నోటీసు సంగతి చదివి మళ్ళీ మామూలు మనిషినయ్యాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు నేను బస్సెక్కాను. గలగలని వెతుక్కుంటూ. పాత ఆఫీసు గుమాస్తా ఒకడు అడ్రసు చెప్పాడు. రెండు బస్సులు, ఒక ఆటో, నా మోకాళ్ళు. ఇప్పుడు బట్టలు కుట్టే కొట్టు నడుపుతోంది. జుట్టు నాకంటే తెల్లగా ఉంది. గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను.

“అయితే నేల తుడిచినందుకు కాదా?” అంది.

“కాదు.”

“ఖాయంగా?”

“ఖాయంగా చెప్పలేను. అప్పుడు ఎవరూ చూడలేదు. జ్వరమే అయ్యుంటుందని నా నమ్మకం. నేల తుడిచినందుకు మాత్రం కాదు.”

“మరి ఇన్నేళ్ళూ ఎక్కడ చచ్చావు?”

“ఇంట్లోనే ఉన్నాను” అన్నాను. 

ఆవిడ మెషిన్ మీదికి వంగి ఒక జాకెట్టు చెయ్యి పూర్తిగా కుట్టింది. దారం కొరికి, “మా అత్త బతికుంటే ఇప్పుడే వెళ్ళి చెప్పేదాన్ని. చచ్చి పన్నెండేళ్ళు. ఈ మాట ఆవిడకి చెప్పే యోగం లేకుండా చేశావు” అంది. క్షమించానని అనలేదు. అనకపోవడమే న్యాయం. వచ్చేటప్పుడు మాత్రం ఆటో ఎక్కడ దొరుకుతుందో చెప్పింది.

అందుకని ఏం చెయ్యనని నువ్వడిగినదానికి నా జవాబు ఇది. నోటిమాటగా తేల్చుకోకు. దయగా ఇస్తే తీసుకోకు. కారణాన్ని కాగితం మీద రాయించు, వాళ్ళ సంతకంతో. కాగితం మీద లేని కారణం స్థానంలో జనం మెట్లూ నేలా పెట్టేస్తారు, అది అక్కడే ఉండిపోతుంది.

మీ సైటులో నీ సంతకం లేకపోతే జరగని పని ఏదైనా ఉందా? ఉంటే అది ఏ రోజున జరుగుతుంది?

అమ్మమ్మ


సైటు ఆఫీసు,
నవంబరు 2.

అమ్మమ్మా,

ఉంది. నిన్న జరిగింది.

స్లాబు పోసేముందు ఒక కార్డు ఉంటుంది. ఇనుము సరిగ్గా కట్టారా, కింది చెక్కలు గట్టిగా ఉన్నాయా, అన్నీ చూసి సైటు ఇంజనీరు సంతకం పెట్టాలి, దాని పక్కన పెద్దసారు పెట్టాలి. రెండు సంతకాలూ లేనిదే కాంక్రీటు లారీ గేటు దాటదు. లారీ బయల్దేరాక గంటన్నరలో పోసెయ్యాలి, లేకపోతే డ్రమ్ములోనే గట్టిపడుతుంది. నిన్న ఆరో అంతస్తు స్లాబు. పొద్దున్న ఎనిమిదింటికి మూడు లారీలు గేటు బయట డ్రమ్ములు తిప్పుకుంటూ నిలబడ్డాయి. నోటీసు గడువు మొన్నటితో అయిపోయింది, అయినా ఇరవైరెండు మంది ఆడవాళ్ళూ వచ్చి స్లాబు మెట్ల దగ్గర నిలబడ్డారు. బొంగురక్క అందరికంటే ముందుంది. 

వారం కిందటే పెద్దసారుకి చెప్పాను, షరతులు రాస్తే తప్ప సంతకం పెట్టనని. తమాషా అనుకున్నారు. నిన్న కార్డు చేతికిచ్చాను. నా సంతకం పైన నాలుగు లైన్లు రాసి ఉన్నాయి.

“ఇదేమిటి?”

“చదవండి సార్.”

“ఏడో రోజు నీళ్ళు తీసి మళ్ళీ పట్టాలి. సరే. నెలనెలా అందరికీ రక్తపరీక్ష. సరే. ఆడవాళ్ళ నోటీసు రద్దు. సరేలే, హెడ్డాఫీసుకి నేను చెప్పుకుంటా. ఈ ఆఖరిది ఎందుకు?”

ఆఖరిది ఇది: ‘ఈ భవనం మీద నిలిచిన నీళ్ళలో మలేరియా దోమలు పెరిగాయి. ఇక్కడ పనిచేసిన ఒకరికి మలేరియా వల్ల గర్భం పోయింది. మరో ముగ్గురికి ఎందుకు పోయిందో ఎవరూ చూడలేదు.’

“అది కొట్టెయ్యి. మిగతా మూడింటికీ ఇప్పుడే పెడతా” అన్నారు.

“అది లేకపోతే మిగతా మూడూ మీ దయ అవుతాయి సార్. మీ తర్వాత వచ్చే సారుకి దయ ఉండకపోవచ్చు.”

“ఎవరో ఒకరికి అంటే ఎవరికమ్మా? ఎవరైనా ఏమైనా రాయొచ్చు.”

నిజమే అనిపించింది. కార్డు తీసుకుని ‘ఒకరికి’ అన్నది కొట్టేసి ‘సైటు ఇంజనీరుకి’ అని రాశాను. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. గేటు దగ్గర మొదటి లారీ డ్రైవరు హారను కొట్టాడు.

అప్పుడు ఆయన ఆఖరి దెబ్బ తీశారు. నెమ్మదిగానే అన్నారు, అందరికీ వినపడేట్టు. “మరి పద్నాలుగు రోజులు కదలొద్దని పట్టుబట్టిందెవరో అది రాయవా?”

ఆడవాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియదు అమ్మమ్మా. అక్కకి నేను చెప్పలేదు.  నీ గలగల కొట్టులో నువ్వు ఎలా నిలబడ్డావో నాకు అర్థమైంది.

“రాస్తాను సార్” అన్నాను. రాశాను. ‘నీళ్ళు పద్నాలుగు రోజులు కదలకుండా ఉంచాలని పట్టుబట్టింది కూడా ఈ ఇంజనీరే. దోమల సంగతి అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు.’ కార్డు తిరిగి ఇచ్చాను.  రెండోసారి హారను మోగింది. సారు వాచీ చూసుకున్నారు. నా పెన్నే తీసుకుని సంతకం పెట్టారు.

గేటువైపు చెయ్యి ఊపబోతుంటే బొంగురక్క అడ్డొచ్చింది. “ఆగండమ్మా. ఏం రాశారో మాకూ చదవండి” అంది.

చదివాను. పద్నాలుగు రోజుల మాట కూడా చదివాను, గొంతు దాచుకోకుండా.  అక్క నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా నిలబడే ఉందామనుకున్నాను.

“ఆ ముగ్గురి లైను మళ్ళీ చదవండి” అంది.

చదివాను. ‘మరో ముగ్గురికి ఎందుకు పోయిందో ఎవరూ చూడలేదు.’

“ముగ్గురేంటి? వాళ్ళకి పేర్లు లేవా? మీ పద్నాలుగు రోజుల సంగతి మీరూ నేనూ తర్వాత మాట్లాడుకుందాం, అది నాకు గుర్తుంటుంది. ముందు పేర్లు రాయండి” అంది.

కార్డులో చోటు లేదు, అంచున రాశాను. అక్క ఒక్కొక్క పేరూ చెప్పింది, ఆ పేరుగల మనిషి గుంపులోంచి ముందుకి వచ్చి, సరిగ్గా రాశానో లేదో వంగి చూసింది. మూడో అమ్మాయికి చదవడం రాదు. అయినా కార్డు చేతిలోకి తీసుకుని, తన పేరు మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. లారీలు హారను మీద హారను కొడుతున్నాయి. పెద్దసారు నెత్తి పట్టుకున్నారు. ఆ పిల్ల వేలు తీసేదాకా ఆగి, అప్పుడు గేటు తెరవమన్నాను.

బుడంకాయ